తొట్టెల్లో డిస్కులు

దగ్గరికి జరుగు బిడ్డా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. జరిగిందే సగం గుసగుసల్లో జరిగింది, అందుకని మనమూ మెల్లగానే చెప్పుకుందాం.

గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్లు లైన్లు లైన్లుగా ఉంటాయి చూశావా, అలాంటి ఒక లైన్‌లో లింగమూర్తి ఇల్లు. అండర్‌గ్రౌండ్ గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర ఆయన డ్యూటీ. భార్య శోభ. ఒక్కతే కూతురు, సంధ్యారాణి. ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీ కస్టమర్లకు కంప్యూటర్ మీద జవాబులు టైపు చేసే ఉద్యోగం ఆ పిల్లది. ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం, జీతం ఎక్కువ ఇస్తామని వస్తే కూడా వద్దంది. ఎందుకంటావా? ఆ ఇంట్లో పగలు మాట్లాడకూడదు.

నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే గని కార్మికుడి ఇంట్లో కుక్కర్‌కు కూడా నోరుండదు. విజిల్ వచ్చేలోపే దించేస్తారు. మిక్సీ ముట్టరు. తలుపు గొళ్లేనికి గుడ్డ చుడతారు. రాత్రంతా భూమి కింద మేలుకుని వచ్చిన మనిషి పగలు నిద్రపోకపోతే మళ్లీ రాత్రి అక్కడ కునుకు తీస్తాడేమోనని, ఆ భయం ఉగ్గుపాలతోనే వస్తుంది. విచిత్రమేమంటే, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో, అంటే నేల పైనుంచే తవ్వే గనిలో, బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు టపటపలాడినా లింగమూర్తి పక్కకు కూడా తిరగడు. చెంచా కింద పడితే మాత్రం దిగ్గున లేచి కూర్చుంటాడు.

సంధ్య మొదటిసారి వేణుమాధవ్‌ను చూసింది కూడా అలాంటి ఒక నైట్ షిఫ్టు వారంలోనే.

ఎదురింటి అనసూర్యకు మందార పూల మీద ప్రాణం. తెల్లారేసరికి ఎవరో కోసుకుపోతున్నారని, దొంగను పట్టడానికి సీసీ కెమెరా పెట్టించాలనుకుంది. చౌరస్తాలో షాపు ఉన్న వేణుమాధవ్ నిచ్చెన వేసుకుని వచ్చాడు. ఎక్కాడు. గోడకు డ్రిల్ మిషను ఆనించి ఒక్క నొక్కు నొక్కాడు.

ఉతుకుతున్న బట్టలు వదిలేసి, మోచేతుల దాకా నురుగుతో, చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది సంధ్య.

"ఏవయ్యో! ఆపు! ఆపుమంటున్న!"

ఇదంతా గుసగుసగా. కోపం మాత్రం నిండుగా ఉంది.

"ఏంది మేడం? ఇనిపిస్తలేదు. జర గట్టిగ చెప్పుర్రి."

"గట్టిగ చెప్తే నీ మిషనుకు నాకు ఫరకేముంటది? మా బాపు పండుకున్నడు. నైట్ షిఫ్టు."

అతను నాలిక్కరుచుకున్నాడు. మిషను వైరు పీకేసి, తనూ గొంతు తగ్గించాడు. "అయ్యో, తెల్వది మేడం. మా బాపు గూడ గనిల చేసినోడే. ఎన్నింటికి లేస్తడు?"

"నాలుగింటికి."

"అయితే గప్పటిదాక గీ నిచ్చెన మీదనే కూసుంట."

"కూసో. ఎవలు వద్దన్నరు?" అని వెనక్కి తిరిగిన పిల్ల, మళ్లీ ఆగి పైకి చూసింది. "ఆ కెమెరా ఎటు చూస్తది?"

"మందార చెట్టు దిక్కు."

"చెట్టు అటుంటే కెమెరా ఇటెందుకు తిరిగింది? మా దండెం కనబడాల్నా?"

"ఇంక బిగియ్యనే లేదు! మెడ వంగి ఉన్నది, గంతే!" అతను కంగారుగా కెమెరా మెడ పట్టుకుని తిప్పబోయి, నిచ్చెన మీద నుంచి తనే సగం జారాడు. సంధ్య నవ్వు ఆపుకుని లోపలికి పోయింది. నవ్వడానికి కూడా ఆ ఇంట్లో చోటు లేదు మరి.

వేణు నిజంగానే నాలుగు దాకా ఆగాడు. ఆ తర్వాత వారం వారం వచ్చాడు. కెమెరా మీద బొగ్గు దుమ్ము పడుతోందట, తుడవాలట. సంధ్య కిటికీ పక్కన కూర్చుని టైపు చేస్తూ, గోదావరిఖనిలో ఇన్ని కెమెరాలున్నాయి, అన్నింటినీ ఇలాగే తుడుస్తాడా అనుకునేది. అంతే అనుకుంది. అంతకు మించి అనుకోలేదని తనకు తనే చెప్పుకునేది.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి చెప్పాలి. లేకపోతే ఈ పిల్ల ఆ పిల్లవాడి దగ్గరికి ఎందుకు పరుగెత్తిందో నీకు అర్థం కాదు.

లింగమూర్తికి వీడియోలు తీసే పిచ్చి. ఆయన పుట్టిన ఊరు బండలపల్లె. ఓపెన్‌కాస్టు కోసం ఆ ఊరిని ఖాళీ చేయించే రోజులు వచ్చినప్పుడు, ఆయన సెలవు పెట్టి, కెమెరా పట్టుకుని గడప గడపకూ తిరిగాడు. ఒక్కో ఇంటి ముందు ఆ ఇంటివాళ్లందరినీ నిలబెట్టి, పేర్లు చెప్పించి తీశాడు. తర్వాత వాళ్లు నస్పూర్‌కు కొందరు, శ్రీరాంపూర్‌కు కొందరు, మంచిర్యాలకు కొందరు చెదిరిపోయారు. ఊరున్న చోట ఇప్పుడు గొయ్యి ఉంది. ఊరు మిగిలింది లింగమూర్తి వీడియోల్లోనే.

ఆ వీడియోలన్నీ ఇంట్లో వైఫైకి తగిలించిన ఒక నల్లటి డబ్బాలో ఉండేవి. దానికి నాలుగు గూళ్లు, రెండు గూళ్లలో రెండు డిస్కులు. ఒకదానిలో ఏముందో రెండోదానిలోనూ అచ్చంగా అదే. ఒకటి చచ్చినా రెండోది కాపాడుతుందని ఏర్పాటు.

వానలు మొదలైన వారంలో ఒక పగలు ఆ డబ్బా కీక్ కీక్ అని అరవడం మొదలుపెట్టింది. లోపల లింగమూర్తి నిద్ర. సంధ్య పరుగెత్తుకొచ్చింది. ఫోన్ తీసి, ఆ డబ్బా యాప్‌లో 'అలారం ఆపాలా' అని అడిగితే ఆపేసింది. అరుపు ఆగింది. కరెంటు ఎక్కువ తక్కువలు అయి ఉంటాయనుకుంది. మర్చిపోయింది.

కుక్కర్ నోరు నొక్కినట్టే దాని నోరూ నొక్కేసింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఇంకేం చేస్తుంది చెప్పు?

శ్రావణం వచ్చింది. చెదిరిన బండలపల్లె వాళ్లంతా ఆదివారం మంచిర్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో కలవాలని అనుకున్నారు. పెద్ద తెర కట్టి ఊరి వీడియోలు చూపిస్తానని లింగమూర్తి అందరికీ మాటిచ్చాడు. "బిడ్డా, గవన్ని ఒక దగ్గర పెట్టు" అని కూతురికి చెప్పాడు. సంధ్య డబ్బా యాప్ తెరిచి చూసింది. ఒక డిస్కు చచ్చిపోయి ఉంది. అలారం ఆపిన రోజునే. మిగిలిన డిస్కు పక్కన పసుపు రంగు హెచ్చరిక.

అమ్మకు చెబుదామంటే, శోభ నస్పూర్‌లో చెల్లెలి కూతురి కాన్పు దగ్గర ఉంది. బాపుకు చెబుదామంటే, ఏమని చెబుతుంది? మంచిర్యాలకు పోయి, పాత డిస్కులాగే కనిపించేది ఒకటి కొనుక్కొచ్చింది. డబ్బా దాన్ని తీసుకోనంది. అప్పుడిక మిగిలింది చౌరస్తా షాపు ఒక్కటే.

"నమస్తే మేడం" అన్నాడు వేణు. "ఏమైంది, గొంతు పోయిందా? ఇది బజారు, ఇక్కడ ఎవరు పండుకోలే. గట్టిగనే చెప్పుర్రి."

సంధ్య గట్టిగా చెప్పబోయింది. ఏడుపు వచ్చింది. వేణు నవ్వు ఆరిపోయింది. స్టూలు జరిపాడు, ఫ్యాన్ ఆమె వైపు తిప్పాడు, అంతా విన్నాడు.

తర్వాత ఆమె తెచ్చిన డిస్కును చేతిలో తిప్పి చూశాడు. "రంగు ఒక్కటే గానీ, ఇది పాతదాని కన్న చిన్నది. లోపల ఉన్నదాని కంటె చిన్నది పెడితే డబ్బా పట్టదు."

"మరి పెద్దది పెడితే?"

"పడతది. కానీ పాతదెంతనో గంతవరకే వాడుకుంటది. అసొంటి పెద్దది ఇంకోటి జోడుగ వచ్చేదాక మిగిలిన జాగ ఖాళీగనే ఉంటది." ఆ మాట అంటూ ఆమె ముఖంలోకి చూశాడు. సంధ్య ఫ్యాన్ వైపు చూసింది.

"గసొంటిది ఖనిల దొరుకుతదా?"

"నా దగ్గరనే ఉన్నది. షాపు కెమెరాల రికార్డంతా అండ్లనే పడుతది. తీసిస్త. డబ్బాల పెట్టంగనే దాంట్ల ఉన్నదంత తుడుసుకపోతది, ఏం కాదు." వేణు తల గోక్కున్నాడు. "ఇప్పుడు మీరు ఇట్ల వచ్చి కూసున్న వీడియో గూడ పాయె."

"వీడియో పోతే ఫికరెందుకు? మనిషినే వచ్చిన గద" అంది సంధ్య. అనేశాక నాలుక కొరుక్కుంది. ఏడ్చిన కళ్లతో ఎవరైనా అలా అంటారా!

గురువారం పొద్దున లింగమూర్తి డ్యూటీ నుంచి వచ్చి, తిని, పడుకున్నాక, వేణు చెప్పులు గేటు బయటే విప్పి పిల్లిలా వచ్చాడు. వెనక గదిలో ఇనుప ర్యాకు మీద డబ్బా. చచ్చిన డిస్కు తీసి, పెద్ద డిస్కు పెట్టాడు. కరెంటు పోయినా ఆగకుండా షాపులోని యూపీఎస్ తెచ్చి తగిలించాడు.

"ఇగ పాతది మొత్తం చదివి కొత్తదాంట్లకు రాసుకుంటది. రేపు పొద్దూకేదాక పట్టచ్చు."

"ముందుగాల వేరే దాంట్లకు కాపీ చేసుకుంటే కాదా?"

"అదే మంచిది. కానీ పాతది పానం మీదికి వచ్చి ఉన్నది. రెండుమార్లు పరిగెత్తదు. ఒక్కమారే పరిగెత్తిచ్చుకోవాలె. నడిమిట్ల ఆపినా మళ్ల లేస్తదని నమ్మకం లేదు."

"గట్ల చెప్పకు. భయమైతాంది."

"నాకు గూడ" అన్నాడు వేణు. ఆ మాటే ఆ పిల్లకు ఎందుకో ధైర్యమిచ్చింది.

ఇద్దరూ ఒక విషయం మర్చిపోయారు. రోజూ వినేది ఎవరికి గుర్తుంటుంది? మధ్యాహ్నం సైరన్ మోగింది. ఆ తర్వాత నేల కింద ఎవరో మంచం జరిపినట్టు ధడ్ మంది. ఇనుప ర్యాకు గజగజ వణికింది. స్టీలు డబ్బాలు ఒకదానికొకటి తగిలి మోగాయి. నల్లడబ్బాలో నుంచి కర్ కర్ అని ఒక చప్పుడు. ఫోన్‌లో పని ఎంతయిందో చూపించే అంకె కదలడం మానేసింది.

ఇద్దరూ ఆ అంకెను చూస్తూ కూర్చున్నారు. పక్క గదిలో లింగమూర్తి గురక. చాలాసేపటికి అంకె మెల్లగా ఒకటి పెరిగింది.

"బతికింది" అన్నాడు వేణు. "కానీ రేపు గూడ బ్లాస్టింగ్ ఉంటది. ఇంకోసారి గిట్ల అదిరితే తట్టుకోదు."

"కింద పెడదామా?"

"నేలనే గద అదిరేది."

నేల పనికిరాదు. ర్యాకు పనికిరాదు. సంధ్య తలెత్తి చూసింది. కప్పుకు ఇనుప కొక్కెం. పసిపాపగా తనను ఊపిన చీర తొట్టెల దానికే కట్టారట.

"చీర కడితే?"

వేణు కొక్కేన్ని చూశాడు, ఆ పిల్లను చూశాడు. "నువ్వు మామూలుదానివి గాదు" అన్నాడు. 'మేడం' ఎక్కడ పోయిందో, 'మీరు' ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

శోభ పాత నూలు చీర తీసి తొట్టెల కట్టారు. గాలి ఆడాలని పక్కలు వెడల్పుగా విప్పారు, అడుగున అట్ట వేశారు, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టారు. డబ్బా ఆగకుండా తిరుగుతూనే ఉంది. నిండు బిందె మోసినట్టు ఇద్దరూ నాలుగు చేతులతో దాన్ని ఎత్తారు. ర్యాకు నుంచి తొట్టెల రెండడుగులే ఉంటుంది. ఆ రెండడుగులూ ఊపిరి లేదు. చేతులకు చేతులు తగిలాయి, కానీ సిగ్గుపడటానికి తీరిక లేదు. డబ్బా తొట్టెల్లో పడుకున్నాకే ఇద్దరికీ అది గుర్తొచ్చింది. అప్పుడు సిగ్గుపడ్డారు.

సాయంత్రం లింగమూర్తి లేచి పెరట్లోకి పోతూ వెనక గదిలోకి తొంగి చూశాడు.

"ఏంది బిడ్డా, తొట్టెల కట్టినవ్?"

సంధ్య చటుక్కున తొట్టెలకు అడ్డం నిలబడింది. "అమ్మ... చిన్నమ్మోళ్ల బాబును తీస్కొని వస్తదేమోనని."

"గట్లనా!" ఆయన ముఖమంతా నవ్వు. "మంచిగ కట్టినవా? ముడి గట్టిగుందా?" అని లోపలికి రాబోయాడు.

"గట్టిగనే ఉంది బాపూ! నీకు డ్యూటీకి ఆలస్యమైతది!"

"ఏందో గుర్రుమంటాంది?"

"ఫ్యాన్ బాపూ."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, ఆదివారం ఎవరెవరు వస్తున్నారో చెప్పాడు. కొమురెల్లి కాక నడవలేకపోయినా ఆటోలో వస్తాడట. చనిపోయిన భార్యను ఇంటి ముందు నిలబడగా ఒక్కసారి చూస్తే చాలన్నాడట. సంధ్య ఆ రాత్రి తొట్టెల కిందే చాప వేసుకుంది. నిద్ర పట్టిందని ఎవరైనా అంటే నమ్మకు.

శుక్రవారం ఆకాశం నల్లగా మూసుకుని ఉంది. గట్టి వాన పడితే బ్లాస్టింగ్ ఆపుతారేమోనని ఇద్దరికీ ఆశ. వానేమో మొగులు మీద కూర్చుని తమాషా చూస్తోంది. నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. లింగమూర్తి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు. వేణు తొట్టెల పక్కన పీట వేసుకుని, అది ఊగకుండా రెండు వేళ్లతో పట్టుకుని కూర్చున్నాడు. సంధ్య ఫోన్‌లో అంకె చూస్తోంది. ఇంకా రూపాయిలో పది పైసల పని మిగిలింది.

"ఇదైపోతే మళ్ల నన్ను పిలుస్తవా?" అన్నాడు వేణు మెల్లగా.

"డబ్బా ఖరాబైతే పిలుస్త."

"అయితే నేనే ఏదన్న ఖరాబు చేసి పోత."

"నోర్ముయ్. గది ఇప్పుడు అనే మాటనా?" కోప్పడింది సంధ్య. కాసేపాగి, "ఒకటడుగుత, నిజం చెప్పు. అన్ని కెమెరాలను వారం వారం తుడుస్తవా?"

వేణు తొట్టెలనే చూస్తూ అన్నాడు, "ఏ కెమెరానూ తుడువ. అనసూర్యక్కది ఒక్కటే."

"ఎందుకు?"

"అది మందార చెట్టు దిక్కు చూస్తది గానీ, నిచ్చెన ఎక్కితే నాకు మీ కిటికీ కనబడతది."

సంధ్య ఫోన్ నుంచి కళ్లు తిప్పలేదు. భయం ఒక పక్క, ఇదొక పక్క. "నేను గూడ ఆ కిటికీ కాడి నుంచి బల్ల జరుపలే" అంది చివరికి. "ఎండాకాలమంత మొఖం మీద ఎండ పడ్డది. అయినా జరుపలే."

సరిగ్గా ఆ మాటకే ఎదురింటి అనసూర్య పెరటి వైపు వచ్చి కిటికీలోంచి తల పెట్టింది. చేమగడ్డలు ఇద్దామని వచ్చిందట. ఆమె చూసిందేమిటి? తొట్టెల. తొట్టెల పక్కన వేణుమాధవ్. పక్కన ముఖం ఎర్రబడిన సంధ్యారాణి. ఇద్దరూ ఆమెను చూసి ఒకేసారి వేలు పెదాల మీద పెట్టి "ష్!" అన్నారు. అనసూర్య చేమగడ్డలు కిటికీలోనే పెట్టి మాయమైంది. అనసూర్య, వేణు తల్లి రాజకుమారి ఒక్క చిట్టీలోనే ఉన్నారు. ఫోన్ చేయడానికి ఎంతసేపు?

గేటు ధడాలున తెరుచుకుంది.

"ఏడున్నడు మావోడు?"

ఆ గొంతు వింటూనే వేణు సగం లేచాడు. తొట్టెల వదిలితే ఊగుతుంది. మళ్లీ కూర్చున్నాడు. రాజకుమారి గడప దాటి, కొడుకును తొట్టెల పక్కన చూసి, అక్కడే నిలబడిపోయింది.

"ఎవలి పిల్ల రా అది?"

"అమ్మా, జర మెల్లగ!"

"మెల్లగనా? మెల్లగ చేసిన పనులు చాలవా ఇంక? షాపుల పనున్నదని పొద్దుగాల్నే పోయి, ఈడ తొట్టెల ఊపుతున్నవా?"

"ఊపుతలేను. ఊగకుంట పట్టుకున్న!"

పక్క గదిలో గురక ఆగింది. తువ్వాల భుజాన వేసుకుని, కళ్లు చిట్లించుకుంటూ లింగమూర్తి వచ్చి నిలబడ్డాడు. "ఏందమ్మా లొల్లి? నువ్వెవలు? ఈ పిలగాడెవడు?"

సంధ్య ఇద్దరినీ చూసింది. నస్పూర్ బాబు అని అంటే బాపు ఇంకోసారి నమ్ముతాడు. కానీ వేణు తల్లి తొట్టెల్లోకి చూడకుండా ఉంటుందా? వేణు నోరు తెరిచి, "తప్పు నాదే కాకా, నేనే..." అని ఏదో మొదలుపెట్టాడు.

"ఆయనది కాదు" అంది సంధ్య. ఆ ఇంట్లో పగటిపూట మొదటిసారి గొంతెత్తింది. "బాపూ, తొట్టెల్ల పిల్లగాడు లేడు. నీ వీడియోల డబ్బా ఉన్నది. ఒక డిస్కు వానాకాలం మొదట్లనే చచ్చింది. అది అప్పుడే ఒర్రింది. నువ్వు పండుకున్నవని నేనే దాని నోరు మూసిన. ఇంకోటి గూడ పొయ్యేటట్టున్నది. ఊరంతా దాంట్లనే ఉన్నది. ఈయన దాన్ని బతికిద్దామని చూస్తున్నడు."

రాజకుమారి తొట్టెల్లోకి తొంగి చూసింది. నల్లటి డబ్బా, దాని ముఖాన మినుకు మినుకుమంటున్న దీపాలు. "ఇదేంది, పెట్టె!" అంది.

అప్పుడు సైరన్ మోగింది.

లింగమూర్తి తువ్వాల కింద పడేసి తొట్టెల దగ్గరికి వచ్చాడు. "కొక్కెం గూడ అదురుతది. చేతుల మీదికి తీసుకోర్రి. జల్ది!" ముగ్గురూ మూడు వైపులా చేతులు పెట్టారు. నాలుగో వైపు ఖాళీ.

"చెల్లె, నువ్వు గూడ రా."

"నేనెందుకన్నా?"

"ఆ దిక్కు మనిషి లేడు."

రాజకుమారి ఒక్క క్షణం కొడుకును, ఆ పిల్లను మార్చి మార్చి చూసింది. కొంగు నడుముకు దోపి చేతులు పెట్టింది. నలుగురూ కాస్త పైకెత్తారు. కొక్కేనికి కట్టిన చీర వదులైంది.

ధడ్!

కిటికీ రెక్క కొట్టుకుంది. చేమగడ్డలు దొర్లి కింద పడ్డాయి. నేల నుంచి మోకాళ్లలోకి, మోకాళ్ల నుంచి నడుముల్లోకి అదురు పాకింది. చేతుల దాకా వచ్చేసరికి మెత్తబడింది.

"ఇగ దించచ్చునా?" రాజకుమారి ఇప్పుడు గుసగుసగా అడిగింది.

"ఆగు చెల్లె. ఇంకోటి ఉంటది."

ఇంకోటి కూడా వచ్చింది. దాని వెనకే ఇప్పటిదాకా తమాషా చూసిన వాన కుండపోతగా దిగింది. డబ్బా ఆ నలుగురి చేతుల్లో చిన్నగా గుర్రుమంటూనే ఉంది. మెల్లగా దించారు. సంధ్య ఫోన్ చూసింది. అంకె ఆగలేదు, పెరుగుతోంది. అప్పుడు ఆమె నేల మీద కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

లింగమూర్తి ఆమె ముందు కూర్చున్నాడు. "నన్ను లేపకపోతివా బిడ్డా?"

"నిన్ను ఎన్నడన్న లేపిన్నా బాపూ?"

పుట్టినప్పటి నుంచి ఈ పిల్ల తన కోసం ఎన్ని మాటలు మింగిందో లెక్కపెట్టుకుంటున్నట్టు చూశాడు. "ఇగ లేపు" అన్నాడు. "డబ్బా ఒర్రినా లేపు. నీకు బుగులైనా, భయమైనా లేపు." వేణు వైపు ఒకసారి కన్నెత్తి, "పిలగాడు నచ్చినా లేపు. నిద్రదేముంది, మళ్ల పోత."

వేణు తొట్టెల అంచున లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

పొద్దుగూకే వేళకు డబ్బా మీద రెండు దీపాలూ ఆకుపచ్చగా నిలిచాయి. "అయిపోయింది" అన్నాడు వేణు. నమ్మలేక మళ్లీ చూశాడు. "మొత్తం వచ్చింది. ఒక్కటి గూడ పోలే."

"గంత ఆగమాగం చేసిండ్రు, అసలు అండ్ల ఏమున్నదో చూపియ్యుర్రి" అంది రాజకుమారి. కోపం పోయింది కానీ బెట్టు పోలేదు.

లింగమూర్తి ఆదివారం సంగతి చెబుతూ టీవీ పెట్టాడు. ఒక ఇల్లు వచ్చింది. దాని ముందు ఒక ముసలాయన, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక మేక. "పేరు చెప్పవే" అని కెమెరా వెనక నుంచి లింగమూర్తి గొంతు. ఆ ముసలామె కొంగు సర్దుకుని, "సారలమ్మ. కొమురెల్లి పెండ్లాన్ని" అని నవ్వింది. తర్వాత ఇంకో ఇల్లు. ఇంకో గడప. పెయింటు వేసినవి, వేయనివి, పెంకులు ఊడినవి. ప్రతి గడప ముందూ మనుషులు.

రాజకుమారికి ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు. అయినా కళ్లు కొంగుతో ఒత్తుకుంది. వాన చప్పుడులో చాలాసేపు చూసింది. తర్వాత లింగమూర్తి వైపు తిరిగింది.

"అన్నా, నీ కెమెరా ఇంక పనిచేస్తదా?"

"చేస్తది చెల్లె. ఎందుకు?"

"ఆదివారం నీ పని అయినంక, మంచి రోజు చూసుకొని వదినెను తీస్కొని మా ఇంటికి రాండ్రి. మా గడప ముంగట గీ ఇద్దరిని నిలబెట్టి తియ్యి. పేర్లు చెప్పిచ్చి తియ్యి." సంధ్య వైపు చూసి, "గట్టిగ చెప్పాలె మరి. మా ఇంట్ల గుసగుసలు నడువయ్" అంది.

ఇదీ బిడ్డా జరిగింది. దీన్ని మనసులో పెట్టుకో. రేపు నీ దగ్గర కూర్చుని ఎవరైనా కథ అడిగితే ఇది చెప్పు. ఒక్క సంగతి మాత్రం యాది పెట్టుకో. నేను ఆగలేక తొట్టెల్లో ఏముందో ముందే చెప్పేశాను. నువ్వు చెప్పేటప్పుడు దాచిపెట్టు. రాజకుమారి గడప దాటి లోపలికి వచ్చి, "ఎవలి పిల్ల రా అది?" అని అడిగేదాకా దాచిపెట్టు. అప్పుడు వినేవాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో వచ్చి నాకు చెప్పు.